వాడుక తప్పిన ఇంగ్లీషు అర్థాలు: తెలుగు పరిశోధనలో ఒక అజాగ్రత్త

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు 1611లో మచిలీపట్నంలో 'ఫ్యాక్టరీ' నెలకొల్పారు. ఈ వాక్యాన్ని తెలుగు చేస్తూ 'కర్మాగారం' అని రాస్తే అందులో వ్యాకరణ దోషం ఏదీ ఉండదు. వాక్యం మాత్రం అబద్ధమవుతుంది. ఆనాటి ఇంగ్లీషులో 'ఫ్యాక్టర్' అంటే పరాయి రేవులో యజమాని తరఫున సరుకు కొని అమ్మే ప్రతినిధి. అటువంటి ప్రతినిధులు నివసించి, సరుకు నిలవచేసి, లెక్కలు రాసుకొనే చోటు ఫ్యాక్టరీ. అది వర్తక స్థావరం, ఉత్పత్తి కేంద్రం కాదు. బట్ట తయారైంది పల్లెల్లో, సాలెల ఇళ్లలో, మగ్గాల మీద. ఫ్యాక్టరీలో దాన్ని ఎంచి, మూటలు కట్టి, ఓడకెక్కించారు. 'కర్మాగారం' అన్న ఒక్క మాట పడగానే నేతగాడు తన మగ్గం వదిలి, కూలివాడై, దొరల గోడల మధ్యకు నడిచివెళ్తాడు. పదిహేడో శతాబ్దపు తీరాంధ్రలో ఉత్పత్తి ఎవరి ఇంట్లో జరిగేదన్న ప్రశ్నకు సమాధానం, పరిశోధకుడి ప్రమేయం లేకుండానే, తారుమారవుతుంది.

ఇక్కడ జరిగినది అరుదైన మాట తెలియకపోవడం కాదు. ఫ్యాక్టరీ అన్న మాట తెలియనివారు లేరు. అసలు చిక్కు అదే. అపరిచితమైన ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు ఎంత సోమరి పరిశోధకుడైనా నిఘంటువు తెరుస్తాడు. పరిచితమైన మాట ఎదురైనప్పుడు ఎంత శ్రద్ధాళువైనా తెరవడు. వాడుక తప్పిన ఇంగ్లీషు మాటలంటే నోరు తిరగని పొడవాటి మాటలని, వాటిని ఏరి పట్టికలుగా రాసుకోవడం పాండిత్యమని ఒక అభిప్రాయం విద్యావంతులలో స్థిరపడి ఉంది. ఆ సరదాను ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. కాని పరిశోధనకు ముప్పు తెచ్చేవి ఆ పట్టికలకెక్కే మాటలు కావు. నేటికీ ప్రతి నోటా వినిపిస్తూ, నిన్నటి అర్థాన్ని మౌనంగా పోగొట్టుకొన్న మాటలే ముప్పు తెచ్చేవి. వాటిని ఎవరూ పట్టిక వేయరు, ఎందుకంటే అవి పాతవని తోచదు.

ఈ అజాగ్రత్త తెలుగు శాఖల్లో కనిపించడం మరింత విచిత్రం. అర్థవిపరిణామం తెలుగు ఎం.ఏ. విద్యార్థికి తప్పని పాఠం. 'కంపు' ఒకప్పుడు ఏ వాసనకైనా చెల్లిన మాటేనని, 'చీర' స్త్రీల కట్టుబట్టకే పరిమితం కాని వస్త్రవాచకమని, 'ఛాందసుడు' వేదం చదివినవాడని ఆ విద్యార్థి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొంటాడు. 'మృగరాజు' జింకల రాజు కాదని అతనికి తెలుసు. ఆ ఎరుకతోనే కింగ్ లియర్ నాటకం దగ్గరకు వెళ్తే అతడు నేటి ఇంగ్లీషు పాఠకుడి కంటె మేలైన స్థితిలో ఉంటాడు: పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గార్ తన తిండిని ఎలుకలతో పాటు ఏకరువు పెట్టేటప్పుడు వాడిన 'డీర్' జింక కాదు, ఏదైనా చిన్న జంతువు. ప్రాచీన ఇంగ్లీషులో డీర్‌కు మూలమైన మాట జంతువులన్నిటికీ వర్తించి, కాలక్రమాన జింక దగ్గర ఆగింది. మృగ శబ్దపు కథే ఇది. తన భాషలో ఇంత బాగా నేర్చిన సూత్రాన్ని ఇంగ్లీషు పుట తెరవగానే తెలుగు పరిశోధకుడు ఎందుకు మరచిపోతాడన్నదే ప్రశ్న. ఇంగ్లీషు అతనికి కాలం లేని భాషగా, ఎప్పుడూ వర్తమానంలోనే ఉండే భాషగా పరిచయమైంది. బడిలో నేర్చిన ఇంగ్లీషుకు నిన్న అనేది లేదు.

తెలుగు పరిశోధనకు ఇంగ్లీషు ఆకరాలు ఎంత ముఖ్యమో గుర్తు చేయనక్కరలేదు గాని, వాటి కాలాన్ని గుర్తు చేయవలసి ఉంది. ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816 నాటిది, నిఘంటువు 1821 నాటిది. విల్సన్ చేసిన మెకంజీ సేకరణల వివరణ పట్టిక 1828లో వచ్చింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగు మాటకు పందొమ్మిదో శతాబ్దంలో ఉన్న అర్థమేమిటని అడిగితే, ఎక్కువమంది పరిశోధకుల చెయ్యి ముందుగా వెళ్లేది బ్రౌన్ మీదికే. అంటే ఆనాటి తెలుగు అర్థం ఆనాటి ఇంగ్లీషు గిన్నెలో భద్రపరచి ఉంది. గిన్నె ఆకారం మారిందని గమనించకుండా కొలిస్తే కొలత తప్పుతుంది. పైగా ఇది దొరల ఇంగ్లీషుకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. కావలి వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో ప్రచురించాడు. ఆయన తెలుగువాడే, ఆయన ఇంగ్లీషు మాత్రం 1829 నాటిది.

అన్నిటిలోకీ ఎక్కువ శ్రద్ధ కోరే మాట 'వల్గర్'. బ్రౌన్ రాతల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. నేటి పాఠకుడి చెవికి ఈ మాట 'అసభ్యం', 'బూతు' అని వినిపిస్తుంది. అలా వినగానే రెండు నిర్ణయాలు జరిగిపోతాయి: ఆ తెలుగు రూపం మర్యాదస్తులు పలకనిదని ఒకటి, తెలుగు ప్రజల మాటపై దొరకు ఏవగింపు ఉండేదని మరొకటి. రెండో నిర్ణయం మీద వలసవాద భాషాదృష్టి అనే శీర్షికతో ఒక అధ్యాయమే లేపవచ్చు. కాని లాటిన్‌లో 'వల్గుస్' అంటే జనసామాన్యం. జెరోమ్ లాటిన్ బైబిలుకు వల్గేట్ అన్న పేరు వచ్చింది ఆ ధాతువు నుంచే. 1662 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన గ్రంథంలో, జ్ఞానస్నానం పొందిన శిశువుకు విశ్వాస ప్రమాణాన్ని 'వల్గర్ టంగ్'లో నేర్పాలని ఆదేశం ఉంది. పసివాడికి బూతుల్లో ప్రార్థన నేర్పమని ఏ మతగురువూ చెప్పడు. అక్కడ అర్థం లాటిన్ కాని సొంత భాష, జనభాష. లెక్కల పుస్తకంలో సామాన్య భిన్నానికి 'వల్గర్ ఫ్రాక్షన్' అన్న పేరు నిన్నమొన్నటి దాకా ఉంది. అందులో అసభ్యత ఎక్కడ ఉంది?

అయితే ఇక్కడే ఇంకో తొందరపాటుకు కూడా తావుంది. వల్గర్ అంటే ఎప్పుడూ 'వ్యావహారికం' అని కొట్టివేసి, బ్రౌన్‌ను వ్యావహారికోద్యమానికి ఆదిపురుషుడిని చేసేయడం ఆ తొందరపాటు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోజ్ 'వల్గర్ టంగ్' నిఘంటువు వేశాడు. అందులో ఉన్నది ప్రార్థన గ్రంథం చెప్పిన జనభాష కాదు, దొంగల మాటలు, సందుగొందుల మాటలు, బూతులు. అంటే బ్రౌన్ కలం పట్టేనాటికే ఈ మాట రెండు అర్థాల మధ్య ఊగిసలాడుతున్నది. 'జనసాధారణం' అన్న అర్థం ఇంకా బతికే ఉంది, 'మోటు' అన్న అర్థం బలపడుతున్నది. అందువల్ల బ్రౌన్ ఏ తెలుగు రూపం పక్కన ఈ మాట వాడాడో, ఆ రూపాన్ని మరెక్కడ ఏమన్నాడో, తానే ఇతర ఆరోపాల్లో ఎలా వాడుకొన్నాడో చూసి ప్రతిచోటా విడిగా తేల్చవలసిందే. ఒకే తెలుగు పర్యాయపదంతో అన్ని చోట్లా పని జరుపుకోవడం కుదరదు. ఈ శ్రమకు ఓర్చని పరిశోధన బ్రౌన్‌ను తిట్టినా పొగిడినా ఒకటే.

తెలుగు విద్యార్థికి ఈ మాట నడత కొత్తేమీ కాకూడదు. 'గ్రామ్యం' అన్న సంస్కృత శబ్దం చేసిన ప్రయాణం సరిగ్గా ఇదే. గ్రామానికి చెందినది అన్న అర్థం నుంచి మోటుది, అశ్లీలమైనది అన్న అర్థం దాకా అది దిగివచ్చింది. గిడుగు పక్షం వారికి ప్రత్యర్థులు 'గ్రామ్యవాదులు' అని పేరు పెట్టినప్పుడు ఆ పేరులోని పదును ఈ దిగుదలలోనే ఉంది. ఆ వాదంలో ప్రధానమైన పత్రాలు కొన్ని ఇంగ్లీషులోనే వెలువడ్డాయన్నది మరవరాదు: గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగుపై రాసిన విజ్ఞాపన 1913లో, గురజాడ అసమ్మతి పత్రం 1914లో వచ్చాయి. ఆ తరం చదివి పెరిగిన ఇంగ్లీషులో 'పొలైట్' అంటే వినయంగా మాట్లాడడం మాత్రమే కాదు. సంస్కారం పొందిన, శిష్టమైన అని కూడా. 'పొలైట్ లిటరేచర్' మర్యాద నేర్పే సాహిత్యం కాదు, లలిత సాహిత్యం. తెలుగు భాషా చరిత్రలో అత్యంత తీవ్రంగా సాగిన వాదాన్ని చదవడానికి కూడా వాడుక తప్పిన ఇంగ్లీషు అర్థాల ఎరుక కావాలన్నమాట.

భక్తి సాహిత్యంపై, యోగులపై, సిద్ధులపై పాత ఇంగ్లీషు వ్యాఖ్యలు చదివేవారు 'ఎంథూజియాజం' దగ్గర ఆగవలసి ఉంది. నేటి అర్థంలో అది ఉత్సాహం, మెచ్చుకోలు మాట. పద్దెనిమిదో శతాబ్దంలో అది ప్రధానంగా నింద. దేవుడు తనతో నేరుగా పలికాడని, తనకే అనుగ్రహం కలిగిందని భ్రమపడడాన్ని ఆ మాట సూచించింది. జాన్ లాక్ తన గ్రంథం నాలుగో కూర్పులో, 1700లో, దీనిపై ఒక అధ్యాయమే చేర్చి ఖండించాడు. జాన్సన్ 1755 నిఘంటువు కూడా ఈ నిందార్థాన్నే ముందు నిలిపింది. ఆ కాలపు ఇంగ్లీషువాడు ఒక సాధువును 'ఎంథూజియాస్ట్' అన్నాడంటే ఉత్సాహవంతుడని కాదు, మతావేశపరుడని. దీన్ని ప్రశంసగా తర్జుమా చేసి, విదేశీయులు కూడా ఆ మహానుభావుణ్ణి కొనియాడారని రాయడం కంటె పెద్ద పరాభవం మరొకటి ఉండదు. ధర్మశాస్త్ర పరిభాషలో 'సాహసం' బలాత్కారంతో చేసిన నేరం. వ్యవహార కాండలో ఆ మాట చూసి వీరకృత్యమని వ్యాఖ్యానించే తెలుగు ఆచార్యుడు ఎవరూ ఉండరు. అదే జాగ్రత్త ఇంగ్లీషు పుటకు ఎందుకు వర్తించదు?

భాషల పేర్ల విషయం ఇంతకన్న మొండిది. మద్రాసు పాత ఇంగ్లీషు కాగితాల్లో తెలుగు 'జెంటూ'. పోర్చుగీసువారు క్రైస్తవేతరుడనే అర్థంలో వాడిన మాట నుంచి ఇది వచ్చింది. ఈ మాట అపరిచితం కాబట్టి పరిశోధకులు ఆగి వెతుకుతారు, జెంటూ అంటే తెలుగు అని తెలుసుకొంటారు. అక్కడితో ఆగిపోతే మళ్లీ చిక్కే. 1776లో హాల్హెడ్ ప్రచురించిన 'జెంటూ' ధర్మశాస్త్ర సంకలనానికి తెలుగువారితో ప్రత్యేక సంబంధం లేదు. బెంగాలు ఇంగ్లీషులో జెంటూ అంటే హిందువు. ఒకే మాటకు ఒకే కాలంలో మద్రాసులో ఒక అర్థం, కలకత్తాలో ఒక అర్థం. అలాగే 'మలబారు భాష' అని ఉన్నచోట కేరళ వైపు చూడకూడదు. పాత మద్రాసు కాగితాల్లోనూ, తరంగంబాడి మిషనరీల రాతల్లోనూ అది తమిళం. 'మూర్స్' అన్నది హిందుస్తానీ. మద్రాసులో ఎవరు ఏ భాష మాట్లాడేవారన్న విషయం మీద, అంటే తెలుగువారికి ఇప్పటికీ మనసుకు తగిలే విషయం మీద, ఈ మూడు మాటల అర్థం తేల్చుకోకుండా రాసిన వాక్యం ఏదీ నిలవదు. 'పగోడా' సంగతి సరేసరి. అది గుడి, అదే వరాహ నాణెం. దాత వంద పగోడాలు ఇచ్చాడన్న చోట వంద గుళ్లు లేవకుండా చూసుకోవాలి.

సందర్భమే అర్థాన్ని పట్టిస్తుంది కదా, ఇంత హడావిడి దేనికన్నది మొదటి అభ్యంతరం. పగోడాల వంటి చోట నిజమే, అసంబద్ధత తానే హెచ్చరిస్తుంది. కాని కొత్త అర్థం కూడా సందర్భంలో చక్కగా ఇమిడిపోయినప్పుడు సందర్భం ఏమీ చెప్పదు. ఫ్యాక్టరీ అలాంటిది, వల్గర్ అలాంటిది. 'కార్న్' కూడా అంతే. బ్రిటిష్ ఇంగ్లీషులో అది తిండిగింజల సామాన్య నామం. 1815 నుంచి 1846 దాకా ఇంగ్లండును కుదిపిన కార్న్ చట్టాలు ముఖ్యంగా గోధుమ ధరల గొడవ. 1611లోనే, మచిలీపట్నంలో ఫ్యాక్టరీ వెలిసిన ఏడాదే, వచ్చిన జేమ్స్ రాజు బైబిలులో యోసేపు అన్నలు ఐగుప్తుకు వెళ్లి కొనితెచ్చింది కార్న్. తెలుగు బైబిలు దాన్ని సరిగ్గానే ధాన్యం అంది. అమెరికా వాడుకలో కార్న్ మొక్కజొన్నకు కుదురుకుంది. నేటి తెలుగు విద్యార్థికి తెలిసినది ఈ అమెరికా అర్థమే, సినిమాహాలు బయట అమ్మే స్వీట్ కార్న్ దాకా. బ్రిటిష్ అధికారి రాసిన జిల్లా పంటల వర్ణనలో కార్న్ అని చూసి మొక్కజొన్న అని రాస్తే వాక్యం ఎక్కడా కుంటుపడదు. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. దాన్ని ఏ తాలూకాకు, ఏ కాలానికి అంటగడుతున్నామో చూసుకోని వాక్యం సాఫీగానే సాగుతుంది, తప్పు మాత్రం అందులోనే కూర్చుంటుంది.

ఇది ఇంగ్లీషు శాఖ పని అన్నది రెండో అభ్యంతరం. తెలుగు మాట అర్థం తేల్చడం ఏ శాఖ పని? బ్రౌన్ ఇచ్చిన వివరణను చదవలేకపోతే తెలుగు మాటే చదవలేకపోయినట్టు. మూడో అభ్యంతరం ఆత్మగౌరవం పేరుతో వస్తుంది: తెలుగు పరిశోధకుడికి ఇంగ్లీషు ఆకరాలపై ఆధారపడే గతి ఎందుకని. వినడానికి బాగుంది. కాని ఆ వాదం చేసేవారి అధస్సూచికల్లోనే బ్రౌన్ పేరు కనిపిస్తుంది. ఆకరాన్ని వదలనప్పుడు దాన్ని సరిగ్గా చదవడమే ఆత్మగౌరవం.

అసలు ఇంగ్లీషువారు వదిలేసిన అర్థాలు కొన్నిటిని తెలుగు తన దగ్గర దాచుకొంది. కంపెనీ కొలువులో కొత్తగా చేరే దొర హోదా 'రైటర్'. అతడు గ్రంథకర్త కాడు, రాతకోతల ఉద్యోగి. ఇంగ్లండులో ఆ అర్థం మరుగునపడినా తెలుగు పల్లెలో ఫిర్యాదు పట్టుకొని పోలీసు స్టేషనుకు వెళ్లే మనిషికి రైటరు ఎవరో ఇప్పటికీ తెలుసు. మందులు కలిపే 'కంపౌండరు' అలాగే మిగిలాడు. ఇక 'లెట్' సంగతి: పాత ఇంగ్లీషులో దానికి అనుమతించడమే కాదు, అడ్డగించడమన్న అర్థం కూడా ఉంది. జేమ్స్ రాజు బైబిలులో రోమా పత్రికలో పౌలు తనకు ఆటంకం కలిగిందని చెప్పేచోట వాడినది ఈ మాటే. భారత పాస్‌పోర్టు మొదటి పుటలో, దాన్ని పట్టుకొన్న వ్యక్తిని 'లెట్' లేకుండా పోనివ్వాలన్న విన్నపంలో, ఆ అర్థం నేటికీ అచ్చవుతున్నది. అమెరికా వెళ్లే ప్రతి తెలుగువాడి సంచీలోనూ ఈ వాడుక తప్పిన అర్థం ఒకటి ప్రయాణం చేస్తుంది.

సాధనాలు లేవన్న సాకు చెల్లదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1884లో తొలి భాగంతో మొదలై 1928లో పూర్తయింది. ప్రతి అర్థం ఏ కాలం నుంచి ఏ కాలం దాకా నిలిచిందో ప్రయోగాలతో చూపడమే దాని పద్ధతి. భారతదేశపు ఇంగ్లీషుకు 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ ఉంది. బ్రౌన్ ఇంగ్లీషును బ్రౌన్‌తోనే సరిచూసుకొనే తేలిక మార్గం కూడా ఉంది: ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. తెలుగు మాటకు ఆయన ఇచ్చిన ఇంగ్లీషు వివరణను ఆ రెండో పుస్తకంలో వెతికితే, ఆ ఇంగ్లీషు మాట ఆయన మనసులో ఏ తెలుగు మాటలకు సాటిగా ఉండేదో బయటపడుతుంది. ఇందుకు పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఖర్చు చేయకుండా, చేతికందిన విద్యార్థి నిఘంటువులో వరుసగా పేర్చిన అర్థాల్లో మొదటిదాన్ని తీసుకొని 1821 నాటి వాక్యానికి అతికించడమే అలవాటుగా మారింది. ఆ నిఘంటువు ఏ అర్థం ఏ కాలానిదో చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదు. తెలుగు నిఘంటువులు కూడా అర్థాలకు తేదీలు వేయవు గనుక, ప్రతి అర్థానికీ ఒక కాలం ఉంటుందని అడిగే అలవాటు తెలుగు పరిశోధకుడికి ఎక్కడా ఏర్పడలేదన్నది కొంతవరకు నిజం. ప్రయోగాలతో నిండిన సూర్యరాయాంధ్ర నిఘంటువులో కూడా ఆ ప్రయోగాల కాలాన్ని చదివేవాడే లెక్క కట్టుకోవాలి.

పిహెచ్.డి. కోర్సువర్కులో పరిశోధన పద్ధతుల పత్రం ఉంది. అందులో ఉదాహరణలు ఎలా ఇవ్వాలో, సూచికలు ఎలా రాయాలో చెప్తారు. కంపెనీ కాలపు ఇంగ్లీషు పుట ఒకటి ముందు పెట్టి చదివించే గంట ఒక్కటీ ఉండదు. క్యాంబెల్ వ్యాకరణం నుంచి నాలుగు పేరాలు, విల్సన్ పట్టిక నుంచి రెండు వివరణలు, బ్రౌన్ నుంచి ఇరవై ఆరోపాలు తీసుకొని ఒక వారం చదివిస్తే చాలు; నేడు నిర్భయంగా సాగే కలాలు ఎన్ని చోట్ల ఆగవలసి ఉందో విద్యార్థులకే తెలుస్తుంది. ఇంగ్లీషు మూలం నుంచి తీసిన ప్రతి ఉద్ధరణకూ తెలుగు అనువాదం పక్కన మూలపదాన్ని తెలుగు లిపిలోనైనా ఉంచాలని, అనుమానం ఉన్న మాటను ఏ అర్థంలో, ఏ ఆధారంతో తీసుకొన్నదీ అధస్సూచికలో చెప్పాలని శాఖలు నియమం పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి అవసరం లేదు, నిధులు అవసరం లేదు. సమీక్షకులు ఆ సూచిక లేని వ్యాసాన్ని తిప్పి పంపడం మొదలుపెట్టాలి. 'కర్మాగారం' అని రాసిన సిద్ధాంత గ్రంథం మౌఖిక పరీక్షకు వచ్చినప్పుడు, 1611లో మచిలీపట్నంలో ఆ గోడల లోపల ఏ పని జరిగేదని పరీక్షకుడు అభ్యర్థిని అడగాలి.